గ్రేసమ్మగారు వైరు పీకే గురువారాలు

ఈ ఉదయం నేనిప్పుడు పనిచేసే ల్యాబులో ఇంటర్నెట్ కేబులు పోయింది. నా ఫోనులోంచి హాట్‌స్పాట్ పెట్టి అరగంట నడిపించేసరికి ఆ ఫోను పొయ్యి మీంచి దించిన గిన్నెలా చెయ్యి కాల్చింది. ఆ వేడి తగిలితే చాలు, నాకు గ్రేసమ్మగారు గుర్తొస్తారు, ఆ వెంటనే ఒళ్ళు మండుతుంది. మనిషి పోయి రెండేళ్ళయినా నా విసుగు మాత్రం పోలేదు.

రావులపాలెంలో హైవే పక్కన ఆవిడకొక స్కానింగ్ సెంటర్ ఉండేది. మిషన్ ఆసుపత్రిలో ముప్పయ్యేళ్ళు ఎక్స్‌రేలు తీసి, రిటైరయ్యాక పెట్టుకున్నారు. నేను అక్కడ కంప్యూటర్ దగ్గర పనిచేసేదాన్ని. మేము తీసిన స్కాన్లు ఇంటర్నెట్‌లో రాజమండ్రి డాక్టరుగారికి వెళ్తే, ఆయన చూసి రిపోర్టు పంపేవారు. కేబులు పోయినా పని ఆగకూడదని గ్రేసమ్మగారు సిమ్ కార్డుతో నడిచే పెట్టె ఒకటి కొన్నారు. సిగ్నల్ ఎక్కడ బాగుందో చూడ్డానికి, అద్దెకి దిగబోయేవాళ్ళలా గదిగదీ తిరిగి, చివరికి దాన్ని బాత్రూం వెంటిలేటర్లో పెట్టించారు. వచ్చినవాళ్ళంతా మీ ఇంటర్నెట్ స్నానం చేస్తోందా అండీ అని అడిగేవారు. నవ్వలేక చచ్చేదాన్ని.

అంతటితో ఊరుకుంటే ఆవిడ గ్రేసమ్మగారెందుకవుతారు? ప్రతి గురువారం పదకొండు గంటలకి, హాలు జనంతో కిటకిటలాడుతుండగా, స్వయంగా వచ్చి కేబులు వైరు పీకేసేవారు. సిమ్ పెట్టె మీద ఒక స్కాన్ పూర్తిగా వెళ్ళేదాకా మళ్ళీ పెట్టనిచ్చేవారు కాదు. సగం వెళ్ళిన ఫైలు మొదటికొచ్చేది. జనం ఆవిణ్ణేమీ అనలేక నా మీద విరుచుకుపడేవారు. ఒకసారి ఉండబట్టలేక, సాయంత్రం ఖాళీగా ఉన్నప్పుడు చూసుకోవచ్చు కదండీ అన్నాను.

"ఖాళీగా ఉన్నప్పుడు పోతే మనకేంటమ్మా? జనం ఉన్నప్పుడు పోతేనే కదా మన సంగతి తెలిసేది," అన్నారు.

ఇక చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే అని ఊరుకున్నాను.

ఒకసారి వాళ్ళ చెల్లెలికి మోకాలి ఆపరేషనైందని రెండు వారాలు తుని వెళ్ళారు. గురువారాలు మర్చిపోకు అని మరీ మరీ చెప్పి వెళ్ళారు. నేను మర్చిపోలేదు, కావాలనే మానేశాను. పీడా పోయిందనుకుని రెండు గురువారాలు హాయిగా పనిచేసుకున్నాను. ఫోన్ చేసి అడిగిన రెండుసార్లూ "చూశానండీ, బాగా వెళ్ళింది," అన్నాను.

రెండో శనివారం మధ్యాహ్నం, వీధి చివర డ్రైనేజీ తవ్వుతున్న పొక్లెయిను కేబులు తెంపేసింది. సరిగ్గా అప్పుడే కొబ్బరి దింపు తీస్తూ చెట్టు మీంచి పడ్డ మనిషికి తల స్కాన్ తీశాం. లోపల రక్తం ఉందో లేదో రాజమండ్రి నుంచి రిపోర్టు వస్తే తప్ప, అతన్ని కాకినాడ పంపాలో ఇక్కడే ఉంచాలో అతన్ని మా దగ్గరికి పంపిన నర్సింగ్‌హోమ్ డాక్టరు తేల్చరు. సిమ్ పెట్టె చూస్తే దీపం వెలుగుతోంది, నెట్ లేదు. రీఛార్జ్ గడువు దాటిపోయింది. అప్పటికప్పుడు రీఛార్జ్ చేస్తే డబ్బులు వెంటనే పోయాయి, నెట్ మాత్రం రాదే. నా ఫోను పెడదామంటే, కేబులు పోయిన వీధి వీధంతా ఫోన్ల మీద పడి, నెట్ పాకుతోంది. తెర ఫొటో తీసి పంపితే అదీ గిర్రున తిరుగుతూనే ఉంది. అతని భార్య వరలక్ష్మి నా కుర్చీ వెనకాలే నిలబడి ఉంది. ఏమైందండీ అని అడిగిన ప్రతిసారీ, లైను తెగిందమ్మా, మా చేతిలో ఏం లేదు అన్నాను. చివరికి చెయ్యి కాలేలా వేడెక్కిన నా ఫోను మీదే స్కాన్ వెళ్ళేసరికి యాభై నిమిషాలైంది. రక్తం ఉంది. కాకినాడ తీసుకెళ్ళారు.

మనిషి బతికాడు. ఎడమ చెయ్యి మాత్రం సరిగ్గా స్వాధీనంలోకి రాలేదు. ఆలస్యం వల్లే అని డాక్టర్లు అనలేదు, కాదనీ అనలేదు.

సోమవారం తిరిగొచ్చిన గ్రేసమ్మగారు ముందు రీఛార్జ్ తేదీ చూశారు. గడువు రెండో గురువారానికి రెండ్రోజుల ముందే అయిపోయింది. నా అబద్ధం అక్కడే తేలిపోయింది. తిడతారని నిలబడ్డాను. తిట్టలేదు. అతను ఇంటికొచ్చాడని తెలిశాక నన్ను వెంటబెట్టుకుని బస్సులో వాళ్ళ ఊరు తీసుకెళ్ళారు. వరలక్ష్మి కుర్చీ తుడిచి వేసింది. గ్రేసమ్మగారు కూర్చోకుండానే చెప్పారు.

"లైను తెగడం వల్ల ఆలస్యం కాలేదమ్మా. దానికోసమే రెండోది పెట్టాం. అది పనిచేస్తోందో లేదో చూసుకోలేదు. తప్పు మాదే."

వరలక్ష్మి అరవలేదు. నా వైపు చూసి, "మరి ఆ రోజు మీ చేతిలో ఏం లేదన్నారు కదండీ," అంది.

తిరిగొచ్చే బస్సులో నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. వాళ్ళెవరూ అడగలేదు కదండీ, ఎందుకు చెప్పారని గట్టిగానే అడిగాను.

"వాళ్ళకి అడగాలని తెలీదు. మనకి తెలుసు కదా," అన్నారు, అంతే.

ఆ తర్వాత నాలుగేళ్ళు ఆవిడ దగ్గరే పనిచేశాను. ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేదు. తిట్టి ఉంటే పడి, మనసులో ఆవిణ్ణి నాలుగు అనుకుని, అక్కడితో వదిలేసేదాన్ని. ఆ అవకాశం కూడా ఇవ్వకుండా పోయారు మహాతల్లి. వరలక్ష్మి ఇంటికి బస్సెక్కితే గంట. ఆ రోజు గ్రేసమ్మగారు మా తప్పన్నారు గానీ, పెట్టె చూడనిదీ అబద్ధం ఆడిందీ నేనేనని వరలక్ష్మికి నేనింకా చెప్పలేదు.