తన ఇంట్లోనే కిరాయికి

రుద్రూర్‌లో ఈరవ్వ వాళ్లది తాతల నాటి నుంచి చెరకు సాగు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక భర్త ఆశన్న వరికి మళ్లాడు. ఈరవ్వ మాత్రం పుట్టింటివాళ్లిచ్చిన మెట్ట చెలక అమ్మి, డిచ్‌పల్లిలో యూనివర్సిటీ దగ్గర నాలుగు గదుల ఇల్లు కట్టించింది. "సదువుకునే పిల్లలు ఏటేటా వస్తనే ఉంటరు" అని ఆశన్నను ఒప్పించింది.

డిచ్‌పల్లిలోనే ఉండే తమ్ముడు పరమేశ్వర్‌కు తాళాలు అప్పగించింది. ఆడపిల్లలకే గదులిచ్చారు. కానీ ఎవరూ ఒక సెమిస్టర్ దాటి నిలవలేదు. చుట్టుపక్కల ఇళ్లు కళకళలాడుతుంటే ఈమె ఇల్లు బోసిపోయింది.

"గీ కాలం పోరిలకు కుదురు లేదక్కా" అన్నాడు పరమేశ్వర్.

ఈరవ్వకు ఆ మాట మింగుడుపడలేదు. నాట్లు అయిపోగానే బట్టలూ బియ్యమూ మూటగట్టుకుని వచ్చి, ఖాళీ గదిలో దిగింది. అప్పటికి మిగిలింది పక్క గదిలోని సింధూజ ఒక్కతే. కమ్మర్‌పల్లి పిల్ల, ఎమ్మెస్సీ చదువుతోంది.

మరునాడే ముసురు పట్టింది. ఉతికిన చీర ఆరేయడానికి చోటు లేక ఈరవ్వ గదిలోనే తాడు కట్టింది. రెండు రోజులైనా తడి ఆరలేదు. గదంతా ముక్కవాసన. వాన తెరిపిచ్చాక డాబా మీద ఆరేద్దామని మెట్లెక్కితే తలుపుకు తాళం.

"గీ తాళం ఎప్పటిసంది ఉన్నది బిడ్డా?" అని సింధూజను అడిగింది.

"మేం వచ్చినప్పటిసంది అవ్వా. పైకి పోతే ఫోన్లు మాట్లాడుకుంట నిలబడతరని పరమేశ్వర్ అంకుల్ ఏసిండు. తడి బట్టలే తొడుక్కొని కాలేజీకి పోతున్నం. గందుకే అందరు ఖాళీ చేసిండ్రు."

"నాకెందుకు సెప్పలే?"

"నువ్వెన్నడన్న వచ్చినవా అవ్వా?"

ఈరవ్వ తడి చీరను మళ్లీ గదిలో తాడు మీదే వేసింది. కాసేపటికి తమ్ముణ్ణి పిలిపించింది.

"రేపు ఏమన్న అయితే మనకే బద్నాం అక్కా" అన్నాడు అతను.

"తడి బట్టలతోని పిల్లలకు జ్వరమొస్తే బద్నాం గాదా? తియ్యి తమ్మీ."

గొణుక్కుంటూనే తీశాడు. అతని భయమూ ఊరికే పోనివ్వలేదామె. బయటివాళ్ల కంటపడకుండా పిట్టగోడను భుజాలెత్తు లేపించి, డాబా పొడుగునా తీగలు కట్టించింది.

దసరా సెలవులు అయ్యేసరికి, వెళ్లిపోయినవాళ్లలో ఇద్దరు తిరిగొచ్చారు. సింధూజ తన క్లాసు పిల్లను తన గదిలోకే తెచ్చుకుంది. నాలుగో గది మాత్రం ఈరవ్వ ఎవరికీ ఇవ్వలేదు.

"కిరాయి పోతది గదనే" అన్నాడు ఆశన్న.

"పోనీ. నెలకో నాలుగొద్దులు నేనుంట" అంది ఈరవ్వ. అన్నట్టే ఉంటోంది. ఆ రోజుల్లో వంట వేళకు పిల్లలు ఆమె గదిలోనే చేరతారు.