రూతు టీచర్ చెవి

వానలు మొదలయ్యాక పియానో మూత ఎత్తితే చాలు, నాఫ్తలీన్ ఉండల వాసన గుప్పుమని ముక్కుకు కొడుతుంది. ఎలుకలు లోపలి ఉన్నిగుడ్డ కొరక్కుండా నాలుగు మూలలా నాలుగు ఉండలు వేస్తుంటాను. నిజామాబాద్‌లో మా ఇంటి ముందుగదిని సగం ఈ పియానోనే ఆక్రమించింది. మిగతా సగంలో నా దగ్గర నేర్చుకునే పిల్లలు, వాళ్ల చెప్పులు, తడి గొడుగులు. పిల్లలకు ఈ వాసన అసలు గిట్టదు, ముక్కులు మూసుకుని గునుస్తారు. నాకు మాత్రం ఇది తగిలిందంటే బోధన్‌లోని ఓ ఇరుకు గది, అందులో ముతక నేతచీర కట్టుకుని, కళ్లజోడు నెత్తిమీదికి తోసుకుని తిరిగే ఓ మనిషి కళ్లముందుకు వచ్చేస్తారు. ఆవిడే రూతు టీచర్, ఈ పియానో ఆవిడదే. పోయి రెండేళ్లయింది. ఆమెను ఎరగనివాళ్లకు ఆమె గురించి చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను. కానీ ఆమె గురించి చెప్పాలంటే నేను చేసిన మోసం గురించి కూడా చెప్పాలి. అందుకే ఇన్నాళ్లూ ఏదో ఒక సాకుతో వాయిదా వేస్తూ వచ్చాను.

టీచర్ బోధన్‌లో ఓ బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పియానో మాత్రం చిన్నప్పుడు చర్చిలో వాయించే ఓ పెద్దావిడ దగ్గర నేర్చుకున్నారట. చక్కెర ఫ్యాక్టరీ ఆఫీసర్ల క్లబ్బులో ఓ మూలన పడి ఉన్న పియానోను, క్లబ్బు సామాను అమ్మేసినప్పుడు ఆమె కొనుక్కున్నారు. చెరుకు తోలే ట్రాక్టర్ ట్రాలీలో అడుగున చెరుకాకు మందంగా పరిచి, దాని మీద పెట్టి ఇంటికి తెచ్చుకున్నారు. నల్లటి దుప్పటి కప్పిన అంత పెద్ద పెట్టెను చూసి వీధిలోవాళ్లు ఎవరో పోయారనుకుని పరామర్శకు వచ్చారని, వాళ్లకు చాయ్ పోసి ఓ పాట వాయించి పంపానని చెప్పి పడీపడీ నవ్వేవారు. లెక్కలు చెప్పే టీచరు కదా, కోపిష్టి అనుకునేవాళ్లంతా. ఆమెకు కోపం రాగా నేను చూసింది ఒకే ఒక్కసారి, అది కూడా అరుపులు లేని కోపం.

మా అమ్మ బీడీలు చుట్టేది. మా ఇల్లు టీచర్‌గారి గల్లీలోనే. తొమ్మిదేళ్లప్పుడు వాళ్ల కిటికీ చువ్వలు పట్టుకుని రోజూ వేలాడుతుంటే విసిగిపోయి ఆమే లోపలికి పిలిచారు. నాకు ఇంట్లో పియానో ఎక్కడిది? అట్టముక్క మీద స్కేలుతో మెట్లు గీసిచ్చి, దాని మీద వేళ్లాడించమన్నారు. ఆమె దగ్గరో అలవాటుండేది. లోపలికి అడుగుపెట్టిన పిల్ల ఎవరైనా సరే, కూర్చోకముందే ఇంటి దగ్గర సాధన చేసేటప్పుడు ఏం తప్పు వాయించిందో చెప్పి తీరాలి. బాగున్నావా, తిన్నావా అనే మాటలన్నీ ఆ తర్వాతే.

"ఇయ్యాల ఏం తప్పినవ్?" అని అట్ట తీసుకుపోయిన మర్నాడు నన్నూ అడిగారు.

"ఏం తప్పలే టీచర్" అన్నాను గొప్పగా.

"అయితే ఇంటికి పో. తప్పని పిల్లకు నేనేం నేర్పాలె?"

"అట్ట మీద తప్పితే ఎట్ల తెలుస్తది? సప్పుడే రాదు గదా!" అని ఎదురు మాట్లాడాను. నోరు నాకు అప్పటినుంచే ఎక్కువ.

"తెలుస్తది. సప్పుడు రాకున్నా నీ వేలికి తెలుస్తది. అడుగు దాన్ని" అన్నారు. ఏడ్చుకుంటూ ఇంటికి వెళ్లి, మర్నాడు మూడు తప్పులు లెక్కపెట్టుకుని వచ్చాను. నిజానికి అందులో ఒకటి ఆమెను మెప్పించడానికి కల్పించిందే.

ఇంకో వింత ఏమిటంటే పాఠం చెప్పేటప్పుడు ఆమె మా పక్కన కూర్చునేవారు కాదు. వంటింట్లో చిక్కుళ్లు ఒలుచుకుంటూనో, బియ్యంలో రాళ్లు ఏరుకుంటూనో వినేవారు. మొహం చూస్తే జాలి పుడుతుందట, జాలి పుడితే చెవి సరిగా పనిచేయదట. "ఎడమచెయ్యి తొందరపడ్తున్నది శోభా, దాన్ని ఆగుమను" అని గోడవతల నుంచి కేక వచ్చేది. నిజంగానే ఎడమచేయి ఆ క్షణంలో గీత దాటి ఉండేది. ఈవిడకు గోడల్లోంచి కనిపిస్తుందేమోనని చాలాకాలం భయపడ్డాను. అలా పదహారేళ్లు ఆమె చెవి కింద పెరిగాను. డిగ్రీ అయింది, బోధన్‌లోనే ఓ ప్రైవేటు బడిలో చేరి చిన్నపిల్లలకు పాటలు నేర్పడం మొదలుపెట్టాను. పియానో మాత్రం వదల్లేదు.

అప్పుడు హైదరాబాద్‌లోని ఓ పెద్ద బడిలో పియానో టీచరు ఉద్యోగం పడిందని తెలిసింది. ఉండటానికి గది కూడా ఇస్తారు. అమ్మను తీసుకుపోవచ్చు. బీడీ ఆకు కత్తిరించీ కత్తిరించీ అమ్మ బొటనవేలు అప్పటికే సరిగా వంగేది కాదు, తంబాకు పొడితో రాత్రింబవళ్లు దగ్గు. ఈ ఉద్యోగం వస్తే ఆ బీడీల చాటను ఆమె ఒళ్లోంచి ఎత్తి అవతల పారేయొచ్చు, నాకు కావలసింది అంతే. వాళ్లు అడిగింది రెండే: ఒక రికార్డింగు, నేర్పిన టీచరు నుంచి ఒక ఉత్తరం. ఉత్తరం టీచర్ ఆ పూటే రాసి ఇచ్చారు. రికార్డింగు కోసం ఓ పాత నాట్యపు బాణీ ఎంచుకున్నాను. అందులో రెండు భాగాలు, ఒక్కో భాగాన్నీ రెండుసార్లు వాయించాలి. రెండోసారి వాయించేటప్పుడు అదే స్వరం మెత్తగా, పక్కగదిలోంచి వినిపిస్తున్నట్టు రావాలని టీచర్ పట్టుబట్టేవారు. అక్కడే నా ఎడమచేయి మొండికేసేది. టీచర్ చర్చికి వెళ్లిన రెండు ఆదివారాలు వాళ్లింట్లోనే ఫోన్ పెట్టి వాయించాను. మొదటిసారి బ్రహ్మాండంగా వచ్చేది, రెండోసారి మెత్తగా వాయించబోయి తడబడేదాన్ని. ముప్పైసార్లు వాయిస్తే ముప్పైసార్లూ అదే తంతు. గడువు దగ్గరపడింది, నాకు పిచ్చెక్కిపోయింది.

మా చిన్నమ్మ కొడుకు శేఖర్‌కు పెళ్లి వీడియోలు తీసే షాపుంది. వాడి దగ్గరికి పోయి, బాగా వచ్చిన మొదటి వాయింపునే కాపీ చేసి రెండోసారి స్థానంలో అతికించమన్నాను. వాడు కంప్యూటర్ మీద అయిదు నిమిషాల్లో అతికించేశాడు. మొదటి వాయింపులో టీచర్ పక్కింటి నఫీసా ఆపా కుక్కర్ ఈల ఓ చోట సన్నగా వినిపించింది.

"అక్కా, గీ ఈల తీసెయ్యాల్నా?" అని అడిగాడు శేఖర్.

"వద్దు, ఉండనీ. ఇంటి సప్పుడు ఉంటేనే నిజంగ వాయించినట్టు అనిపిస్తది" అన్నాను. ఎంత తెలివి చూడండి నాది!

పది రోజుల్లో జవాబు వచ్చింది. రికార్డింగు నచ్చింది, టీచరుగారి ఉత్తరం మీద మాకు నమ్మకముంది, నెలాఖరుకు వచ్చి చేరండి అని. అమ్మ గల్లీ అంతా చెప్పేసింది. నేను పరుగెత్తుకుంటూ టీచర్ దగ్గరికి పోయాను. ఆమె సంతోషం పట్టలేక రెండు చేతులతో నా మొహం పట్టుకుని, "ఏదీ, వాళ్లకు పంపిందేదో నాకు గూడ వినిపియ్యి" అన్నారు. కాదనడానికి నోరు రాలేదు. ఫోన్ పియానో మీద పెట్టాను. ఆమె అలవాటు ప్రకారం వంటింట్లోకి పోయి పీట మీద కూర్చున్నారు. పాట అయిపోయింది. "ఇంకోసారి పెట్టు" అన్నారు. పెట్టాను.

"శోభా, నఫీసా కుక్కర్‌ను ఎన్నేండ్ల నుంచి వింటున్న నేను? అది నా పాటకు తాళమేసుకుంట కూసిన రోజు ఒక్కటి లేదు. గిండ్ల ఒకే చోట రెండుసార్లు కూసింది, ఒకే తీరు" అన్నారు బయటికి వచ్చి. "అది గూడ పోనీ. రెండోసారి మెత్తగ వాయించుమని ఎన్నేండ్లు చెప్పిన? అది నీ రెండోసారి గాదు. నువ్వు వాయించలే."

తప్పు చేసినవాళ్లకే రోషం ఎక్కువ కదా, నేనూ రెచ్చిపోయాను. "మీకేంది టీచర్, పించన్ వస్తది! మా అమ్మ వేళ్లు ఎప్పుడన్న చూసిన్రా? ఒక్క ముక్క అతికిస్తే ఏం మునిగిపాయె? మొత్తం నేనే వాయించిన గదా, వేరేటోళ్లది దొంగతనం చేసిన్నా?" అని అరిచాను.

"చూసిన" అన్నారామె, అమ్మ వేళ్ల గురించి. గొంతు పెంచలేదు. "ఆ రికార్డింగుతోటి నా ఉత్తరం గూడ పోయింది. వాళ్లు నా మాట నమ్మిన్రు. సోమారం దాంక చూస్త. నువ్వు రాయకుంటే నేను రాస్త. నువ్వే రాస్తే నాకు మంచిగనిపిస్తది." అంతే చెప్పి మళ్లీ వంటింట్లోకి వెళ్లిపోయారు. ఆ మనిషిని అప్పుడు ఎంత అసహ్యించుకున్నానో చెప్పలేను. ఇంటికొచ్చి అమ్మతో అంతా చెప్పేశాను. అమ్మ చాటలోంచి తల కూడా ఎత్తకుండా, "ఎవలకెర్క బిడ్డా? నువ్వు పో. టీచరమ్మకు నేను చెప్త" అంది. నాకు ఆ మాట ఎంత హాయిగా అనిపించిందో!

శనివారం అమ్మ కోవా బిళ్లలు కొని, నన్ను వెంటబెట్టుకుని టీచర్ ఇంటికి బయల్దేరింది. ఆమెను ఎలాగైనా మెత్తబరచాలని అమ్మ ఉపాయం. మేం వెళ్లేసరికి గల్లీ ఆడవాళ్లు నలుగురు అరుగు మీదే ఉన్నారు. "టీచరమ్మా, మీ శోభ పట్నంల కొలువు కొట్టిందంట గదా! మంచిగ వాయించిందా?" అని ఒకామె అడిగేసింది. టీచర్ నావైపు చూడలేదు. అబద్ధం ఆడటం చేతకాని మనిషి, నన్ను నలుగురిలో పట్టివ్వడానికి మనసొప్పని మనిషి. ఆమె పెదవులు రెండుసార్లు కదిలి ఆగిపోయాయి. చివరికి, "చెయ్యి మంచిది ఈ పిల్లది" అన్నారు. అది నిజమే. కానీ ఆ ఒక్క నిజం వెతుక్కోవడానికి ఆమె పడ్డ అవస్థ నేను చూశాను. డెబ్బై ఏళ్ల మనిషిని, లెక్కల్లో అర మార్కు కూడా ఊరికే వేయని మనిషిని, నలుగురి ముందు మాటలు వెతుక్కునేలా చేశాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అమ్మ ఇంకేదో అనబోతుంటే చేయి పట్టుకుని ఆపేసి, "టీచర్, లెటర్ నేనే రాస్త" అన్నాను.

ఆ సాయంత్రమే రాశాను. దానితోపాటు పంపడానికి కొత్త రికార్డింగు చేశాను, ఈసారి టీచర్ ఇంట్లో ఉండగానే, ఒకే ఒక్కసారి వాయించి. "నఫీసా ఆపాను జర కుక్కర్ పెట్టొద్దని అడగాల్నా?" అంటే, "ఎందుకు, ఆమె పిల్లలు అన్నం తినొద్దా?" అన్నారు. రెండోసారి మెత్తగా వాయిస్తుంటే ఎడమచేయి రెండుచోట్ల జారింది. అలాగే పంపించాను. వారానికి జవాబు వచ్చింది. నిజం చెప్పినందుకు సంతోషమని, ఉద్యోగం మాత్రం వేరేవాళ్లకు ఇచ్చామని. ఆ కాగితం పట్టుకుని టీచర్ దగ్గర వెక్కివెక్కి ఏడ్చాను. మంచి పని చేశావనీ, దేవుడు చూస్తాడనీ ఏదో అంటారనుకున్నాను. ఆమె నా పక్కన కింద కూర్చుని, "నాకు గూడ మస్తు బాధైతుంది శోభా. నీకు ఆ కొలువు రావాలని రోజు ప్రార్థన చేసిన" అని కళ్లు తుడుచుకున్నారు. మరో నాలుగేళ్లు అమ్మ బీడీలు చుట్టింది. ఆ నాలుగేళ్ల దగ్గుకు నేనే కారణమని ఇప్పటికీ అనిపిస్తుంది, దాన్ని ఎవరూ నా మీదినుంచి తీసేయలేరు.

మరుసటి వారం నుంచి చిన్నపిల్లల పాఠాలు నన్ను చెప్పమన్నారు. "దొంగరికార్డింగు పంపినదాన్ని, నేనేం చెప్త?" అంటే, "గందుకే నువ్వు చెప్పు. పోరగాండ్లు ఏడ ఏం దాస్తరో నీకు ఎర్కైనట్టు నాకు ఎర్క గాదు" అన్నారు నవ్వుతూ. ఆ నవ్వులో ఎత్తిపొడుపు లేదు, ఆమె నిజంగానే అలా అనుకున్నారు. నేర్చుకునే పిల్లల సంఖ్య పెరిగింది, నిజామాబాద్ నుంచి కూడా రావడం మొదలుపెట్టారు. నా సంపాదనతో ఇల్లు గడిచే రోజు వచ్చాకే అమ్మ చాట పక్కన పెట్టింది.

టీచర్‌కు చివరి రోజుల్లో వినికిడి పోయింది. గోడవతల ఎడమచేతి తొందరను పట్టుకునే ఆ చెవులకు, చివరికి మనం అరిచినా అందేది కాదు. మిషను పెట్టుకుంటే అన్నీ గరగరమంటున్నాయని తీసేసేవారు. పిల్లలు వాయిస్తుంటే వంటింట్లోంచి లేచి వచ్చి, మొట్టమొదటిసారి పియానో పక్కన కూర్చోవడం మొదలుపెట్టారు. చెక్క మీద అరచేయి ఆనించి, పిల్ల వాయించడం ఆపగానే నావైపు తిరిగి, ఎలా వాయించిందని సైగతో అడిగేవారు. నేను పలక మీద రాసి చూపించేదాన్ని. ఆ పలక మీద రాసింది ఏదైనా ఇంకోసారి అడిగేవారు కాదు. అదే పిల్లలకు చెప్పేవారు. ఒకసారి నఫీసా ఆపా, "గామె రాసిందే నమ్ముతవా టీచరమ్మా?" అని చేతులు తిప్పుతూ వేళాకోళమాడింది. "శోభ చెవులే ఇప్పుడు నా చెవులు" అన్నారు టీచర్, అందరికీ వినబడేంత గట్టిగా. నేను దిగ్గున లేచి పెరట్లోకి పోయి మొహం కడుక్కొచ్చాను.

ఆమె పోవడానికి నెల ముందు అనుకుంటా, ఓ మధ్యాహ్నం నన్ను ఆ పాత బాణీ వాయించమన్నారు. ఇద్దరమే ఉన్నాం. వాయించాను. ఆమె చెక్క మీద చేయి పెట్టి, కళ్లు మూసుకుని, అయిపోయేదాకా కదల్లేదు. తర్వాత పలక నా చేతికిచ్చారు. ఆమెకు ఒక్క స్వరం కూడా వినబడలేదని నాకు తెలుసు. మంచం పట్టబోతున్న మనిషి, బాగా వచ్చిందని రాస్తే ఎంత సంతోషపడతారో కూడా తెలుసు. బలపం చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాను. ఆఖరికి, "రెండోసారి ఎడమచేయి తప్పింది టీచర్" అని రాసి చూపించాను.

ఆమె కళ్లజోడు దించుకుని, నింపాదిగా చదివారు. మొహమంతా వెలిగిపోయింది.

"అయితే మల్ల వాయించు" అన్నారు.