తడి ఉండాల్సిన చోటు

ఆ చెరువు ఊరిది కాదు, సర్కారుది అంతకంటే కాదు. ఒక తండ్రి తన సొంత నేలలో వాగుకు అడ్డంగా మట్టికట్ట పోయించి, నిలిచిన నీళ్లలో పడవలు వదిలి, పోతూ పోతూ పిల్లలిద్దరికీ చెరిసగం చేసి ఇచ్చిన చెరువు. ఆ అక్కాతమ్ముళ్లు దాన్ని పంచుకున్న తీరు చూడాలి. నీళ్లు తమ్ముడివి, మట్టి అక్కది. పడవలు, టికెట్లు, వచ్చేపోయేవాళ్లతో నవ్వుతూ మాట్లాడటం తమ్ముడి వంతు. కట్ట బాగోగులు అక్క వంతు. అందుకే అందరూ ఆవిడను కట్టక్క అనేవారు. పిలిస్తే పలికేది కాబట్టి ఆ పేరు నచ్చిందనే అనుకోవాలి.

కట్టక్కకు నోరు కాస్త జాస్తి, ధైర్యం ఇంకా జాస్తి. రోజూ పొద్దున్నే చెప్పులు విడిచి కట్ట ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచేది. పందికొక్కు బొరియ కనబడిందా, దాని వంశాన్నంతా తిట్టిపోసి, బొరియ తవ్వించి, కొత్త మట్టి వేసి దిమ్మిస కొట్టించి గానీ అన్నానికి కూర్చునేది కాదు. కట్ట మీద మొక్క మొలిస్తే వేలెడంత ఉండగానే పీకేసేది. చెట్ల నీడ ఉంటే జనం ఇంకా వస్తారని తమ్ముడు ఎంత బతిమాలినా వినలేదు.

"నీడ కావాలంటే గొడుగులు కొనుక్కో. వేళ్లు మాత్రం నా కట్టలో దిగవు."

కట్టకు అవతలి వైపు, అడుగున, ఒకచోట ఎప్పుడూ చెమ్మగా ఉండేది. మట్టికట్ట అన్నాక కొంత ఊట తప్పదు. దాన్ని ఆపకూడదు, దారి చూపాలి. కట్టక్క అక్కడ ఇసుక, దాని మీద కంకర పరిపించి చిన్న కాలువ తీయించింది. నీరు బయటికి వచ్చేది, మట్టి లోపలే ఉండిపోయేది. ఆ నీటిని దోసిట పట్టి, తేటగా ఉందని చూసుకున్నాకే ఆవిడ ఇంటిదారి పట్టేది.

సెలవుల ముందు కూతురు ఇల్లు మారుతుంటే కట్టక్క సాయానికి వెళ్లింది. అక్క లేని ఆ కాస్త సమయంలో తమ్ముడికి ఒక ఘనమైన ఆలోచన వచ్చింది. ఆ చెమ్మ పక్కనే భోజనాల బల్లలు వేయించాడేమో, కుర్చీల కాళ్లు బురదలో దిగబడుతున్నాయి. కంకర, ఇసుక ఎత్తించేసి, బంకమట్టి కూరించి, పైన సిమెంటు పూయించాడు. చెమ్మ మాయమైంది. అక్క మెచ్చుకుంటుందని ఎదురుచూశాడు కూడా, పాపం.

కట్టక్క తిరిగొచ్చి, ఎప్పటిలాగే నడుచుకుంటూ వెళ్లి అక్కడ ఆగింది. పొడిగా ఉంది.

"ఇక్కడి నీళ్లేవిరా?"

"ఆపేశానక్కా. ఇన్నేళ్లుగా నీవల్ల కానిది ఒక్క పూటలో అయిపోయింది."

"ఆపడానికి అది పంపు నీళ్లా? ఇటు రావాల్సినవి ఎటు పోయాయో చూపించు."

కట్టక్క గడ్డిలో వెతుక్కుంటూ పోయింది. కాస్త దూరంలో కొత్త ఊట కనబడింది. దోసిట పట్టి చూస్తే నీళ్లు టీ రంగులో ఉన్నాయి. అంటే కట్ట లోపలి మట్టి కరిగి బయటికి వచ్చేస్తోంది. ఆవిడ తిన్నగా తూము దగ్గరికి నడిచింది.

తమ్ముడు పరుగున వచ్చి తూము చక్రానికి అడ్డంగా నిలబడ్డాడు.

"రేపటి నుంచి సెలవులక్కా. కొత్త పడవల రంగు ఇంకా ఆరనే లేదు. ఇప్పుడు చెరువు ఖాళీ చేస్తే బురదలో తిప్పమంటావా వాటిని? సెలవులయ్యాక నీ ఇష్టం."

"పడవలు బురదలో కూలబడితే మళ్లీ లేస్తాయి. కట్ట కూలబడితే కింది వీధి లేవదు. ఆ వీధిలో మొదటి ఇల్లు ఎవరిదిరా?"

ఆ ఇల్లు తమ్ముడిదే. అతని భార్యా, ఇద్దరు ఆడపిల్లలూ ఆ వేళ ఇంట్లోనే ఉన్నారు.

"నాన్న పోయించిన కట్ట. ఎన్నడైనా ఏమైనా అయిందా?" అన్నాడు, గొంతు తగ్గించి.

"నాన్నే ఉంటే ఆ కంతలో ముందు నిన్ను కూరేవాడు. జరుగు."

అతను జరగలేదు. కట్టక్క వాదించలేదు. ఫోను తీసి మరదలితో, "పిల్లల్ని తీసుకుని మా ఇంటికి వచ్చెయ్. వీధిలో అందర్నీ పైకి రమ్మను. కట్ట కారుతోంది," అంది. ఫోనులోంచి పిల్లల్ని కేకేస్తున్న భార్య గొంతు విని తమ్ముడు పక్కకు తప్పుకున్నాడు.

కట్టక్క తూము కొద్దికొద్దిగానే తెరిచింది. ఒక్కసారిగా లాగేస్తే లోపలి వైపు తడిమట్టి జారిపోతుంది. నీరు అడుగంటేదాకా ఆవిడ కట్ట దిగలేదు. పడవ షికారుకని వచ్చినవాళ్లు బురదలో ఒరిగిన పడవలను చూసి, ఆడమనిషి పిరికితనం వల్ల సెలవులు పాడయ్యాయని గొణుక్కుంటూ పోయారు. తమ్ముడు మూతి ముడుచుకుని అక్కతో మాట మానేశాడు. మరదలు ఆ మాటలు మోసుకొస్తే కట్టక్క నవ్వింది.

"అననీవే. అనడానికి వాళ్లకు నోళ్లు మిగిలాయి కదా."

తవ్వకం మొదలైంది. సిమెంటు పగలగొట్టి కాస్త లోపలికి వెళ్లాక కూలీ చేతిలోని గడ్డపార జారి మట్టిలోకి పోయింది. దాని వెనక మట్టి కూడా పోయింది. లోపల మనిషి దూరేంత డొల్ల. తమ్ముడు టార్చిలైటు పట్టుకుని వంగి చూశాడు. ఆ డొల్ల చెరువు వైపు నుంచి వంకర తిరిగి వచ్చి, తన ఇంటివైపుకే తిరిగి ఉంది. వెనక్కి వచ్చి మట్టికుప్ప మీద కూలబడ్డాడు.

"నా చేతులతోనే మూశానక్కా," అన్నాడు. అన్నాళ్ల తర్వాత అతను అక్కతో మాట్లాడిన మొదటి మాట అది.

కట్టక్కకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తమ్ముడి తల మీద చెయ్యి వేసింది.

"తెరిచాం కదరా. లే. ఇసుక లారీ వచ్చింది, దగ్గరుండి దింపించు."

డొల్ల పూడింది, వానలు పడ్డాయి, చెరువు నిండింది, పడవలు లేచాయి. కట్ట అడుగున ఊట మళ్లీ మొదలైంది, తేటగా. బల్ల దగ్గర కూర్చున్న ఒక పెద్దమనిషి తన బూట్లు తడిశాయని, ఇంత చెరువు కట్టినవాళ్లు ఆ కాస్త కారుడు ఆపలేరా అని తమ్ముడిని నిలదీశాడు.

తమ్ముడు ఆయన కుర్చీ ఎత్తి దూరంగా వేశాడు.

"దాన్ని మేం ఆపమండీ. ఇక్కడ తడిగా ఉంటేనే మా ఇంట్లో పిల్లలు పొడిగా పడుకుంటారు."