ఇక చాలని చెప్పడానికి నూజివీడు తోటకి వెళ్లిన రోజు

మాది ఉంగుటూరు మండలం. రెండెకరాల వరి, ఒక పాడిగేదె. ఎక్కువ మాట్లాడే అలవాటు లేదు. అందుకేనేమో మా చర్చి కమిటీలో నన్ను కూడా వేశారు. నూజివీడుకీ విస్సన్నపేటకీ మధ్య ఉన్న మామిడి తోటల్లో మూడేళ్లుగా ఒక అమ్మాయి సువార్త సేవ చేస్తోంది. పేరు రింపుయి. మిజోరం నుంచి వచ్చింది. ఆమెకి కావలసినవి ఆమె సంఘంవాళ్లే పంపుతారు. ఇక్కడ బాగోగులు చూసే బాధ్యత మాత్రం మా కమిటీది. ఈ మూడేళ్లలో ఆ తోటల్లో ఒక్కరు కూడా బాప్తిస్మం తీసుకోలేదు. మొన్న మామిడి కోతలప్పుడు కమిటీ కూర్చుని, ఆమెని అక్కణ్ణుంచి తీసేసి మనుషులు మాట వినే చోటికి మార్చాలని తీర్మానించింది. ఆ సంగతి చెప్పి రావడానికి ఎవరు వెళ్తారన్నప్పుడు అందరూ నా వైపే చూశారు. నాకూ ఆ తీర్మానం సబబుగానే అనిపించింది. మూడు పంటకాలాలు ఏమీ పండకపోతే నేనైనా ఆ మడి వదిలేస్తాను.

ఉదయం నాలుగున్నరకి పాల ఆటో ఎక్కి హనుమాన్ జంక్షన్లో దిగాను. డ్రైవరు నలభై తీసుకున్నాడు. అక్కణ్ణుంచి నూజివీడుకి తొలి బస్సు. ఆడవాళ్లకి బస్సు ఉచితం చేసినప్పటినుంచీ ఆ వేళలో కూడా సీటు దొరకడం కష్టం. నిలబడే వెళ్లాను. నూజివీడు బస్టాండులో ఇడ్లీ తిని, ఆరున్నరకి విస్సన్నపేట బస్సు ఎక్కాను. ఊరు దాటిన కాసేపటికే రోడ్డుకి రెండువైపులా తోటలు మొదలవుతాయి. వరి పొలాల మధ్య పెరిగినవాణ్ణి, నాకు ఎప్పుడూ ఆకాశం అంచులదాకా కనబడాలి. ఇక్కడ ఆకాశం చెట్ల సందుల్లోంచి ముక్కలు ముక్కలుగా కనబడుతుంది. అరగంట తర్వాత బస్సు దిగితే ఇంకో మూడు కిలోమీటర్లు ఆటో.

“ఏ తోటకండీ?” అన్నాడు ఆటో అతను.

“కోటేశ్వరరావుగారి తోట.”

“మిజోరం అమ్మాయి ఉండే తోటా? అలా చెప్పండి మరి. మా ఆవిడ టైఫాయిడ్‌తో పడుంటే పది రోజులు ఇంటికొచ్చి చూసిందండి. ఆవిడ ఎక్కితే నేను కిరాయి తీసుకోను.”

“మీరు చర్చికి వెళ్తారా?”

“నేనా? ఏడేళ్లనుంచీ అయ్యప్ప మాల వేస్తున్నానండీ!” అని నవ్వాడు. నా దగ్గర మాత్రం అరవై తీసుకున్నాడు.

కోతల వేళ మామిడి తోట చూడనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. నేనూ అదే మొదటిసారి చూడటం. కొమ్మలు కాయల బరువుకి నేలదాకా వంగి ఉన్నాయి. కొన్ని కాయలు గడ్డిని తాకుతున్నాయి. అంత పెద్ద తోటలో, అంతమంది పనిచేస్తున్నా, ఒక్క కాయ కింద పడ్డ చప్పుడు లేదు. పొడుగాటి గడకి చివర వలసంచి ఉంటుంది, దాన్ని చిక్కం అంటారు. దాంతో కాయని తొడిమతో సహా కోసి, పసిపిల్లని దింపినట్టు దింపుతారు. తొడిమ విరిచినచోట చిమ్మే సొన కాయకి తగిలితే మచ్చ పడుతుంది, మనిషికి తగిలితే ఒళ్లు కాలుతుంది. అందుకని కాయల్ని బోర్లించి సొన కారనిస్తారు. పొద్దుటి వెలుగులో వరసలు వరసలుగా బోర్లించిన బంగినపల్లి కాయల్ని చూస్తూ ఎందుకు వచ్చానో కాసేపు మర్చిపోయాను.

“రండి పాస్టరుగారూ!” అంటూ తోట యజమాని కోటేశ్వరరావుగారు ఎదురొచ్చారు.

“నేను పాస్టర్ని కాదండీ. వ్యవసాయం.”

“అయితే మనోళ్లే. కూర్చోండి. ఆ అమ్మాయికి గది ఇస్తుంటే ఊళ్లో అందరూ భయపెట్టారండీ, కూలోళ్లందర్నీ మతం మార్చేస్తుందని. మూడేళ్లు చూశాను. మారిందల్లా మా మేస్త్రి నోరు. బూతులు తగ్గించాడు.” ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కమిటీ అన్నదీ అదే కదా.

రింపుయి రేకుల షెడ్డు ముందు గొంతుక్కూర్చుని ఒకామె చెంప కడుగుతోంది. చెంప మీద సొన పడి చర్మం నల్లగా పొంగింది. రింపుయి పొట్టిగా, తలకి తువ్వాలు చుట్టుకుని ఉంది. ముప్ఫై ఏళ్లుంటాయేమో. ఆమె తెలుగు కళ్లు మూసుకుని వింటే ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి అనుకుంటాం.

“కదలకు నాంచారమ్మక్కా. కంట్లోకి పోతే నీ మొగుడు నన్ను తిడతాడు.”

“వాడు తిడితే నేను ఊరుకుంటానా రింపమ్మా? అన్నం పెట్టను ఎదవకి!”

చుట్టూ కాయలు ఏరుతున్న ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. రింపుయి నన్ను చూసి లేచింది. “ఏంటి బ్రదర్, ఇంత పొద్దున్నే? కబురు చేస్తే రోడ్డుదాకా వచ్చేదాన్నిగా.” చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చింది. పని అయ్యాక మాట్లాడదాంలే అన్నాను.

పదింటికి అందరూ అన్నానికి షెడ్డులోకి వచ్చారు. క్యారేజీలు విప్పేముందు ఒక్కొక్కరే సంచిలోంచి చిన్న గుడ్డమూట తీసి, మూలనున్న నీలం డ్రమ్ములో ఏదో పోస్తున్నారు. వెళ్లి చూస్తే బియ్యం. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, రేషన్ బియ్యం అన్నీ కలిసి సగం డ్రమ్ము ఉన్నాయి. ఇవి ఎవరికని అడిగాను. నాంచారమ్మ చెప్పింది.

“ఈ పిల్ల వాళ్ల ఊళ్లో అన్నం వండే ప్రతిసారీ ఓ గుప్పెడు బియ్యం పక్కన తీస్తారంటండీ. లేనోళ్లు కూడా. వారానికోసారి అందరియ్యీ పోగేస్తారంట. ఈవిణ్ణి మన దగ్గరికి పంపింది ఆ బియ్యమేనంట. మన ముఖం చూడని ఆడోళ్లు మన కోసం గుప్పెడు తగ్గించుకుని తింటున్నారంటే, మాకెలా ఉంటదండీ? అందుకని మేం కూడా మొదలెట్టాం. మామిడి పూసిన దగ్గర్నుంచీ తీస్తున్నాం.”

రింపుయి ముఖం చూస్తే ఈ సంగతి ఆమెకి తెలియదని అర్థమైంది. ఆ డ్రమ్ము మేస్త్రి వంట సరుకు అనుకుందట.

“ఇంతకీ అడుగుదామనే ఉన్నాం,” అంది నాంచారమ్మ ఆమె వైపు తిరిగి. “మీవోళ్లు బియ్యం పోగేసి నిన్ను పంపారు. మేమూ పోగేశాం. మరి మేం ఎవర్ని పంపాలి?”

షెడ్డులో ఎవరూ నవ్వలేదు. అందరూ నిజంగానే జవాబు కోసం చూస్తున్నారు. పదేళ్లుగా కమిటీలో ఉన్నాను. ఆ ప్రశ్న మా చర్చిలో ఎవరూ అడగగా నేను వినలేదు.

రింపుయి డ్రమ్ములోకి వంగి చూసి, “నాకు తెలీదు అక్కా. మీరేం అనుకుంటున్నారు?” అంది.

వాళ్లకి తెలుసు. అంతకుముందు సోమవారం పక్క తోటలో సింహాచలం అనే కూలీ కొమ్మ విరిగి పడ్డాడు. శ్రీకాకుళం నుంచి కోతలకి వచ్చిన మనిషి. తొడ ఎముక విరిగితే విజయవాడ పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేశారు. భార్య పచ్చిబాలింత, రాలేదు. తోడు వెళ్లినవాళ్లు కోతలు ఆగకూడదని వచ్చేశారు. ఇప్పుడు అతని మంచం దగ్గర మనిషి లేడు. కాలు కదపలేని రోగికి పక్కన మనిషి లేకపోతే ఎలా ఉంటుందో ఆసుపత్రిలో ఉన్నవాళ్లకి తెలుసు.

“నేను వెళ్తా,” అంది రింపుయి వెంటనే.

“నువ్వెందుకు? నీది మీవోళ్ల బియ్యం. ఇది మా బియ్యం. మా మనిషే వెళ్లాల.” వెనకనుంచి ఒక ముసలామె గట్టిగా అంది.

“నేనెళ్తాలే,” అంది నాంచారమ్మ. “పది రోజులు ఉండొస్తా. మా ఇంటికి ఈ బియ్యం పంపండి చాలు, మా అత్త వండుకుంటది. మొగుడికి పెట్టొద్దని చెప్పండి.” ఈసారి నవ్వారు. “బెజవాడ ఎప్పుడో ఒకసారి వెళ్లా, దుర్గమ్మ గుడికి. ఈసారి కూడా ఆ తల్లిని చూసొస్తా. నీకేం కోపం రాదుగా రింపమ్మా?”

“ముందు ఆ మనిషికి అన్నం తినిపించు. గుడి సంగతి తర్వాత,” అంది రింపుయి.

“సరే. మీ ఊళ్లో మనిషిని పంపేటప్పుడు ఏం చేస్తారు?”

“తల మీద చేతులు పెట్టి ప్రార్థన చేస్తారు.”

“మరి పెట్టండి. బస్సు టైమైపోద్ది.”

నాంచారమ్మ కాయల కోసం పరిచిన గడ్డి మీదే కూర్చుంది. ఆడవాళ్లు చుట్టూ చేరి తల మీద, భుజాల మీద చేతులు వేశారు. సొనకి వేళ్ల చివర్లు నల్లబడిన చేతులు. ఎవరి దేవుణ్ణి వాళ్లు తలుచుకుంటూ గొణుగుతున్నారు. కోటేశ్వరరావుగారు చెప్పులు విడిచి గుమ్మం దగ్గర నిలబడ్డారు. రింపుయి నా వైపు చూసి, “పెద్దవాళ్లు మీరున్నారు బ్రదర్, మీరు చెప్పండి,” అంది. నాకు భయం వేసింది. పాముని చూస్తే వేసే భయం కాదది. నేను రాకముందే, నన్ను అడక్కుండానే జరిగిపోతున్న ఒక పెద్ద పని మధ్యలో నిలబడ్డ భయం. “ప్రభువా, ఈమెని పంపుతున్నది నువ్వే,” అన్నాను. ఇంకో మాట రాలేదు. ఆమేన్ అనడం కూడా మర్చిపోయాను.

నాంచారమ్మ చీర మార్చుకోవడానికి ఇంటికి వెళ్లినప్పుడు రింపుయి దగ్గరికొచ్చి, “మీరేదో చెప్పాలని వచ్చారు కదా బ్రదర్,” అంది. దాచలేదు. కమిటీ మాట ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

“మొదటి ఏడాది ఎవరూ నా మాట వినట్లేదని రోజూ ఏడ్చేదాన్ని. రెండో ఏడాది పని ఎక్కువై ఏడవడానికి తీరిక లేదు. ఇప్పుడు దేవుణ్ణి ఎందుకు, ఎంతమంది అని అడగడం మానేశాను. నాకు నమ్మడం వచ్చింది ఇక్కడే బ్రదర్, మా ఊళ్లో కాదు. వెళ్లమంటే వెళ్తాను. నన్ను అడిగితే మాత్రం ఉంటానంటాను.”

“వెళ్లమని చెప్పమన్నారమ్మా. చెప్పాను. కానీ నా మాట అది కాదు. వాళ్లకీ అదే చెబుతాను,” అన్నాను.

నాంచారమ్మకి దారి తెలియదు గనక నేను ఇంటికి వెళ్లకుండా ఆమెతో విజయవాడ వెళ్లాను. నూజివీడులో ఒంటిగంటకి బస్సు. నాకు టికెట్ డెబ్బై, ఆమెకి ఉచితం. దారంతా ఆమె కిటికీలోంచి ఎవరి తోట ఎంత కాసిందో చెబుతూనే ఉంది. ఆసుపత్రిలో ఆ వార్డు వెతికి పట్టుకునేసరికి నాలుగైంది. సింహాచలం గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. మంచం పక్కన బల్ల మీద ఖాళీ నీళ్ల సీసా ఉంది. నాంచారమ్మ దాన్ని నింపుకొచ్చి, అతని తల కింద చెయ్యి పెట్టి లేపింది.

“ఎవులమ్మా నువ్వు?” అన్నాడతను బెదిరిపోయి.

“నూజివీడు తోటల్నుంచి.”

“నిన్నెవులు పంపినారు?”

“శానామందిలే. ముందు నీళ్లు తాగు.”

అతను తాగాడు. నేను వార్డు బయటికి వచ్చి వరండా మెట్ల మీద కూర్చున్నాను.

తర్వాత ఆదివారం కమిటీలో జరిగినదంతా చెప్పాను. నా జీవితంలో అంతసేపు ఎప్పుడూ మాట్లాడలేదు. “అదంతా బాగానే ఉంది, బాప్తిస్మాలు?” అని ఒకాయన అడిగారు. లేవన్నాను. ఆమెని తీసేయాలంటే ఆ మాట చెప్పడానికి ఇంకెవరైనా వెళ్లండి, వెళ్లి ఆ షెడ్డులో ఒక పూట కూర్చుని చెప్పండి అన్నాను. ఎవరూ ముందుకి రాలేదు. రింపుయి ఇప్పటికీ ఆ తోటల్లోనే ఉంది. దేవుడు ఎవరి చేత పని చేయిస్తాడో నాకు ముందే తెలుసని ఇన్నేళ్లూ అనుకునేవాణ్ణి. ఇప్పుడు తెలియదు. తెలియదని ఒప్పుకున్నాక నా ప్రార్థన పొట్టిదైంది. కళ్లు మూసుకుంటే చెప్పడానికంటే వినడానికే ఎక్కువసేపు పడుతోంది.

మీరూ కోతల కాలంలో ఆ తోటలు చూడాలనుకుంటే, ఎండ ముదరకముందే, ఏడున్నరలోపు చేరండి. యజమానిని అడిగే లోపలికి వెళ్లండి. ఇంకొక్కటి: మీ అన్నం మీరు తీసుకెళ్లండి. పదింటికి వాళ్లు క్యారేజీలు విప్పేటప్పుడు మీరు ఉత్తచేతులతో కనబడితే, వద్దన్నా వినకుండా తమది సగం మీకు పెట్టేస్తారు.