ఏడాదికి ఒక్కసారి వెళ్లే పుస్తకం

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను కోదాడకు దగ్గరలోని ఒక మండల కేంద్రానికి, అక్కడి శాఖా గ్రంథాలయానికి బదిలీ చేశారు. ఊరి పేరు రాయడం లేదు. తప్పు నాది, ఊరిది కాదు. నా హోదా గ్రంథపాలకుడు, మూడో గ్రేడు. నా కింద ఒక అటెండరు, రెండు గదులు, వాన పడితే కురిసే ఒక మూల. పొద్దున్నే దినపత్రికల బల్ల చుట్టూ చేరే పెద్దమనుషులు, పోటీ పరీక్షలకు చదువుకునేవాళ్లు తప్ప పుస్తకాల గదిలోకి అడుగుపెట్టేవారు తక్కువ.

నేను నిబంధనల మనిషిని. మాది సూర్యాపేట పక్కన ఆత్మకూర్ (ఎస్) దగ్గర గొర్రెలు కాసే ఇల్లు. మా వంశంలో కుర్చీలో కూర్చుని జీతం తీసుకున్న మొదటివాణ్ణి నేనే. అలా వచ్చినవాడికి రూల్సే అండ. రాసి ఉన్నది రాసి ఉన్నట్టు చేస్తే ఎవరూ వేలెత్తి చూపరని నా నమ్మకం.

చేరిన నెలలోనే వీడింగ్ మొదలుపెట్టాను. వీడింగ్ అంటే కలుపు తీయడమే. చిరిగినవి, కాలం చెల్లినవి, ఎవరూ తీసుకుపోనివి అరల్లోంచి ఏరి, జాబితా రాసి జిల్లా కార్యాలయానికి పంపాలి. అనుమతి వచ్చాక ఒక్కో పుస్తకం మీద 'తొలగించబడినది' అని ముద్ర వేసి, రిజిస్టరులో ఎర్ర సిరాతో కొట్టేసి, పాత కాగితాలు కొనేవాడికి అప్పజెప్పాలి. ఏది కలుపో ఏది పైరో చెప్పేది పుస్తకం వెనక అట్టకు అంటించిన సంచిలో ఉండే కార్డు. పుస్తకం బయటికి వెళ్లిన ప్రతిసారీ ఆ కార్డు మీద తేదీ, సభ్యుడి నంబరు పడతాయి. ఏడాదికి కనీసం నాలుగుసార్లయినా వెళ్లని పుస్తకాన్ని తీసేయాలని నాకు నేనే ఒక కొలత పెట్టుకున్నాను.

నా జాబితా ముచ్చటగా ఉందని జిల్లా కార్యాలయం వారు దాన్ని నమూనాగా మిగతా శాఖలకు పంపారు. అప్పటికింకా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అన్నీ ఒకే జిల్లాలో ఉండేవి. ఆ మెచ్చుకోలు కాగితాన్ని చాలా రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను.

డిసెంబరు మొదటి వారంలో ఒక మధ్యాహ్నం సువార్తమ్మ వచ్చింది. పక్క ఊళ్లో అంగన్‌వాడీ టీచరు, నలభై ఏళ్ల మనిషి. అరల వైపు చూడకుండా నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చి సభ్యత్వ కార్డు తీసి పెట్టింది.

"సార్, మా క్రిస్మస్ నాటకం బుక్కు జర ఇయ్యరా. ఏటా గీ నెలల తీస్కపోత, జనవరిల తెచ్చిస్త. పాత సార్ అయితే నేనొచ్చేసరికే సొరుగుల తీసి పెట్టేటోడు."

ఏ పుస్తకమో నాకు వెంటనే తెలిసింది. నలభై పేజీల పాత నాటిక. అట్ట లేదు. రచయిత పేరు, అచ్చువేసినవారి పేరు ఉన్న పేజీ ఎప్పుడో ఊడిపోయింది, రిజిస్టరులో కూడా ఆ గళ్లు ఖాళీ. దాని కార్డు కూడా గుర్తుంది. రెండు వైపులా నిండా డిసెంబరు తేదీలే, ఏటా ఒక్కటి, పక్కన ఒకటే నంబరు. ఆ కార్డు నేను చూడకపోలేదు. చూశాను, లెక్కపెట్టాను. నా కొలతకు మూడు తక్కువ వచ్చింది. జాబితాలో రాశాను.

ఆ మాట ఆమెకు అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. "బైండింగుకు పోయిందమ్మా, వారంల వస్తది" అన్నాను. ఇరవై రెండేళ్ల సర్వీసులో నేను బల్ల వెనక కూర్చుని ఆడిన మొదటి అబద్ధం అది. సువార్తమ్మ సంతోషించింది కూడా. "మంచిగైంది సార్, పేజీలన్ని ఊడొస్తున్నయి" అని, పిల్లలకు వేషాలు పంచడం మొదలుపెడతానని చెప్పి వెళ్లిపోయింది.

ఆ వారమంతా నేను పడిన పాట్లు ఎవరికీ చెప్పుకోలేనివి. పాత కాగితాలు కొన్నాయన దగ్గరికి వెళితే సరుకు ఎన్నడో మిల్లుకు చేరిందన్నాడు. ఒకప్పుడు అన్ని శాఖలకూ ఒకే కొనుగోలులో అవే పుస్తకాలు వచ్చేవి కనుక ఇంకో ప్రతి ఎక్కడో ఉంటుందని ఆశపడ్డాను. సూర్యాపేట వైపు శాఖలో పనిచేసే తమ్ముడిలాంటి సహోద్యోగికి ఫోన్ చేస్తే నవ్వాడు. "అన్నా, నీ లిస్టు సూసే గద మేం తీసేసింది" అన్నాడు. నమ్మకం చాలక సెలవు పెట్టి మిర్యాలగూడ వైపు శాఖకు బస్సులో పోయాను. అక్కడి ఆయన రిజిస్టరు తెరిచి ఎర్రగీత చూపించాడు. జాబితా నాదే, క్రమసంఖ్యలతో సహా. నేను ఒక్క చోట కలుపు తీశాననుకుంటే మూడు చోట్ల పైరు పీకినట్టయింది.

రెండో శనివారం ఆమె ఊరికి నేనే వెళ్లి నిజం చెప్పాను. అంగన్‌వాడీ వెనక గదిలో కూర్చుని వెదురు బద్దలతో నక్షత్రం కడుతోంది. నా మాటలన్నీ విని, చేతిలో దారం కింద పెట్టింది.

"సర్కారు లైబ్రరీల ఉన్నది ఏడికి పోతదని జిరాక్స్ గూడ తీయలే సార్" అంది. దారం మళ్లీ చేతిలోకి తీసుకుని, "పోయిందని ఆ దినమే చెప్తే ఏదో ఒకటి చేసుకుంటుంటిమి. వారం ఒడిసిపాయె" అంది. కోపంగా అనలేదు. కోప్పడితేనే బాగుండేది.

ఆ వారం ఎందుకంత విలువైనదో అప్పుడు తెలిసింది. వాళ్ల చిన్న చర్చి సంఘంలో మిరప తోటల్లోకి, నాట్లకు పోయే కుటుంబాలే ఎక్కువ. డిసెంబరు వస్తే ఇళ్లకు సున్నాలు, గుమ్మానికి నక్షత్రం, పండుగకు ముందే జరిపే సెమీ క్రిస్మస్ కూడిక, ట్రాక్టరు మీద ఇంటింటికీ క్యారల్స్, పండుగనాటి సాయంత్రం చర్చి ముందు పిల్లల నాటకం. సువార్తమ్మ పన్నెండో ఏట ఆ నాటకంలో మరియమ్మ వేషం కట్టింది. పెద్దయ్యాక నేర్పే పని తనది అయింది. అయితే ఆ ఏడు సంఘ పెద్ద యేసురత్నం గారు నాటకం మాని సినిమా వేద్దామని పట్టుబట్టారు. కోదాడ నుంచి తెర, ప్రొజెక్టరు కిరాయికి తెచ్చి యేసు జీవితం మీద తీసిన పాత సినిమా వేయాలని ఆయన ఆలోచన.

"ఇగ నాటకాలు ఎవలు సూస్తరు సార్? పోరగాండ్లు మాటలు మర్చిపోతరు, మైకు కుయ్యిమంటది. సినిమా అయితే ఊరంత వస్తది" అని ఆయన నాతోనూ అన్నారు. ఆ సినిమా మీద నాకేమీ కోపం లేదు. ఏ పండక్కి టీవీలో వచ్చినా ఇప్పటికీ చూస్తాను. కానీ పుస్తకం లేదని నాటకం ఒక్క ఏడు ఆగితే, ఆగడమే అలవాటవుతుందని సువార్తమ్మ భయం. ఆ భయం తప్పు కాదు. ఆగిపోతే దానికి కారణం నేనే.

పుస్తకం పోయినా మాటలు పోయి ఉండవు, వేషం కట్టినవాళ్ల నోళ్లలో ఉంటాయన్నది ఆమెకు తోచిన ఉపాయమే. మరునాడు ఆదివారం ఆరాధన అయ్యాక చర్చిలో చాపలు పరిచారు. నేను తెల్లకాగితాల కట్టతో కూర్చున్నాను. ఒకప్పటి యోసేపు ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు, తన మాటలు తాను చెప్పాడు. ఒకప్పటి దేవదూత సూర్యాపేట దవాఖానలో నర్సు, ఫోనులో ఒప్పజెప్పింది. మరియమ్మ మాటలు సువార్తమ్మవే. ఎక్కడైనా ఒక మాట తడబడితే నలుగురూ కలిసి సరిచేశారు.

హేరోదు రాజు దగ్గర చిక్కు వచ్చింది. ఎవరో ఆ మాటలు వరస తప్పి చెబుతుంటే, అంతవరకు దూరంగా కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్న యేసురత్నం గారు "అట్ల గాదు" అన్నారు. పదకొండేళ్లు ఆ వేషం కట్టింది ఆయనేనని నాకు అప్పటిదాకా తెలియదు. లేచి, భుజం మీది తువ్వాలును రాజుగారి ఉత్తరీయంలా విసిరి, "నేను సింహాసనమున ఉండగా ఈ దేశమునకు వేరొక రాజా?" అని మొదలుపెట్టి చివరిదాకా ఆగలేదు. చర్చి అంతా చప్పట్లు కొట్టింది. ఆయన కూర్చుని ముఖం తుడుచుకుని, "సినిమా మరునాడు ఏస్కుందాం తియ్యి" అన్నారు.

మిగిలింది గొర్రెల కాపరుల రంగం ఒక్కటే. ఏటా అది చిన్నపిల్లలకు ఇచ్చేవారట. చిన్నప్పటి మాటలు ఎవరికీ గుర్తులేవు. చలిమంట ఉంటుంది, ముగ్గురు కాపరులు ఉంటారు, ఒకడు నిద్రపోతాడు, అంతే. అందరూ నా వైపు చూశారు. "సార్, మీది గొర్ల ఇల్లే గద. మీరే రాయుండ్రి" అని యేసురత్నం గారు తేల్చేశారు. అర్జీలు, జాబితాలు తప్ప ఏనాడూ ఏమీ రాయనివాణ్ణి. కాదనే మొహం నాకు లేదు.

సోమవారం గ్రంథాలయం మూసే వేళయ్యాక చదువుకునే బల్ల దగ్గర కూర్చున్నాను. నా చిన్నతనంలో ఒక క్రిస్మస్‌కు మా ఊళ్లో రెండు గుంజలకు తెల్ల పంచె కట్టి యేసు సినిమా వేశారు. ఏ కులం, ఏ మతం అని లేకుండా ఊరంతా ఇసుకలో కూర్చుని చూసింది. మా అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూనే ఉంది. మా నాయన మాత్రం రాలేదు. మంద దగ్గర ఎవరో ఒకరు ఉండాలి, ప్రతి పండక్కీ ఆ ఒకరు ఆయనే. తెల్లారి నాతో కథంతా చెప్పించుకున్నాడు. యేసు గొర్రెపిల్లను ఎత్తుకున్న చోటు రెండుసార్లు చెప్పమన్నాడు. ఇది గుర్తొచ్చాక రాయడం కష్టం కాలేదు. దూత వచ్చి వార్త చెప్పగానే ముగ్గురూ పోవాలనుకుంటారు, ఎవరుండాలని వాదించుకుంటారు, చివరికి ముసలి కాపరి తాను ఉంటానంటాడు.

సువార్తమ్మ చదివి తటపటాయించింది. "బైబిల్ల అట్ల లేదు గద సార్, గొల్లలు పోయిండ్రనే ఉన్నది" అంది.

"మందను ఇడిసిపెట్టి అందరు పోరమ్మా. నక్కలుంటయి, తోడేళ్లుంటయి" అన్నాను.

యేసురత్నం గారు కాగితం తీసుకుని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివారు. "పోయినోళ్ల ముచ్చట రాసిండ్రు. ఉన్నోని ముచ్చట రాయలె. రాయనంత మాత్రాన లేడని గాదు, ఉండనియ్" అన్నారు. అయితే ఆ వేషం కట్టడానికి పిల్లలెవరూ ఒప్పుకోలేదు. పశువుల పాక దగ్గరికి పోకపోతే బొమ్మ బాలయేసును చూసేది ఎట్లా అని వాళ్ల బాధ. చివరికి ఆయనే కట్టారు. నేను మా ఊరి నుంచి మా నాయన గొంగడి తెచ్చి ఇచ్చాను.

పండుగ సాయంత్రం చర్చి ముందు రెండు మంచాలు కలిపి వేసిన వేదిక మీద నాటకం ఆడారు. మైకు ఆయన చెప్పినట్టే కుయ్యిమంది. జ్ఞానుల్లో ఒకడు గడ్డం ఊడి చేత్తో పట్టుకున్నాడు. కాపరులు తిరిగొచ్చి తాము చూసింది చెప్పారు. అక్కడ ముసలి కాపరికి నేను రాసిన మాట 'మంద భద్రముగా ఉన్నది' అని, అంతే. యేసురత్నం గారు గొంగడి సర్దుకుని, నా మాట వదిలేసి తన మాట చెప్పారు.

"మీరు పోయి సూసొస్తిరి. నేను సూడకపోతిని. అయితేంది, ఒక్కటి గూడ తప్పిపోలే."

నాకు ఏడుపొచ్చింది. మా నాయనకు ఆ మాట చెప్పే అవకాశం ఎవరూ ఇవ్వలేదు, నాతో సహా.

మరునాడు సినిమా కూడా వేశారు, ఊరంతా వచ్చింది, నేనూ వెళ్లాను. జనవరిలో సువార్తమ్మ నాటకాన్ని తన దస్తూరితో తిరగరాసి, కుట్టించి తెచ్చింది. విరాళం కింద నమోదు చేసి నంబరు వేశాను. నా జాబితా వెళ్లిన దారినే, సూర్యాపేట వైపుకు ఒకటి, మిర్యాలగూడ వైపుకు ఒకటి జిరాక్స్ ప్రతులు పంపాను. అబద్ధం ఆడినందుకు ఆమెను ఇంకోసారి క్షమాపణ అడిగాను. "ఆ ముచ్చట ఒడిసింది సార్" అంది. పదవీ విరమణ చేసేదాకా ప్రతి డిసెంబరులో దాని కొత్త కార్డు మీద నా చేత్తో ఒక తేదీ పడింది, ఏడాదికి ఒక్కటి.

ఈ వ్యవహారం నాకు నేర్పింది ఇంత. కార్డు మీద ఎన్ని తేదీలున్నాయన్నది చాలదు, ఏ నెలలో ఉన్నాయో, ఎవరి నంబరుతో ఉన్నాయో చూడాలి. ఏడాదికి ఒక్కసారే పనికొచ్చే పుస్తకాలు ప్రతి గ్రంథాలయంలోనూ కొన్ని ఉంటాయి. ఆ ఒక్క నెల అవి చదివేవారివి. మిగతా పదకొండు నెలలు వాటిని అరలో ఉంచడమే గ్రంథపాలకుడి ఉద్యోగం.