తోలు మీద వెన్ను ముందుకి

మా నాన్నకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయాక ఇంట్లో మొదలైన మొదటి గొడవ గడ్డం గురించి. యాభై ఏళ్ళ పాటు ఊళ్ళోవాళ్ళ గడ్డాలు గీసిన మనిషి. తన గడ్డం మాత్రం రోజూ పొద్దున్నే తన కత్తితో తనే గీసుకునేవాడు. అద్దం కూడా అక్కర్లేదు. పెరట్లో పీట వేసుకుని, ఎడం చేత్తో చెంప తడుముకుంటూ కుడి చేత్తో గీసుకుపోయేవాడు. అలాంటివాడికి నెల తిరిగేసరికి తెల్లగడ్డం మెడ దాకా కమ్ముకుంది. చూడ్డానికి ఎవరైనా వస్తే గోడ వైపు తిరిగి పడుకునేవాడు.

సెంటర్లో సెలూను అతన్ని పిలిపించాను. అతను బ్లేడు కాయితం విప్పుతుంటే నాన్న తల పక్కకి తిప్పేసి, "ఏవీ అనుకోకండి, మీరు వెళ్ళిరండి," అన్నాడు. అతను గుమ్మం దాటగానే నా మీద పడ్డాడు.

"సగం బ్లేడు విరిచి పెట్టుకుని గీసేదీ ఓ పనేనా? అది నా మొహం మీద పెట్టిస్తావా?"

"మరేం చెయ్యమంటావు నాన్నా?"

"పొదిలో కత్తుంది. నూరు."

పొది అంటే మా వాళ్ళు కత్తులూ, సానరాయీ, తోలుపట్టీ పెట్టుకునే సంచి. నేను దాన్ని ముట్టుకుని ఎరగను. ముమ్మిడివరం దగ్గర హైస్కూల్లో లెక్కల మాస్టార్ని, నాకెందుకు పొది? ఇది గొప్పకి చెప్పడం లేదు. ఆ సంచి అంటే నాకు సిగ్గు. ఆ సిగ్గు ఎంత దాకా పోయిందో కూడా చెప్పేస్తాను.

అమలాపురంలో డిగ్రీ చదివేటప్పుడు మా నాన్నది కొబ్బరికాయల వ్యాపారమని క్లాసులో చెప్పుకున్నాను. ఎవరూ అడగకుండానే చెప్పుకున్నాను, అదీ నా బుద్ధి. ఓ రోజు క్యారేజీ మర్చిపోయి వెళ్ళాను. నాన్న సైకిలు హేండిలుకి ఒక పక్క పొది, ఒక పక్క క్యారేజీ తగిలించుకుని కాలేజీ గేటు దాకా వచ్చాడు. పక్కనున్న స్నేహితుడు ఎవరాయన అని అడిగాడు. "మా ఊరాయన. నాన్నగారు పంపించుంటారు," అన్నాను. నాన్న రెండడుగుల దూరంలో ఉన్నాడు. వినపడకపోవడానికి లేదు. మొహంలో ఏ మార్పూ లేకుండా క్యారేజీ నా చేతిలో పెట్టి, "ఆయ్, తమరి నాన్నగారు ఇచ్చి రమ్మన్నారండి," అని సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

కన్నకొడుకుని అండీ అన్నాడు. సాయంత్రం ఇంటికొస్తే ఏమీ జరగనట్టే నా పక్కన కూచుని అన్నం తిన్నాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ సంగతి ఎత్తలేదు. తిట్టినా బాగుండేది, చెంప పగలగొట్టినా బాగుండేది. నేనూ ఎత్తలేదు. క్షమించమని అడగడానికి నోరు రాని వెధవని.

అందుకే ఆయన నూరు అనగానే పొది దింపాను. ఆయన గడ్డం నా చేత్తో గీసి, ఆయన నోటితో ఒక్కసారి బాగుంది అనిపించుకోవాలి. నాకు కావలసింది అంతే.

పొదిలో రెండు కత్తులున్నాయి. ఒకటి అరిగి అరిగి కొబ్బరాకు ఈనంత సన్నబడింది, పిడి తెల్లటి ఎముక. రెండోది వెడల్పుగా, బరువుగా ఉంది, నల్లకొమ్ము పిడి. ఆ సన్నదానిలో ఇంక ఏముంది నూరడానికి అనుకుని నల్లపిడిది తీసుకున్నాను. ఏది తియ్యను అని నాన్నని అడగలేదు. అడిగేందుకు మంచం దాకా వెళ్ళబోతే లోపలినుంచే, "నాకు చూపించకు. పదునెక్కేక పట్టుకురా. అందాకా చప్పుడు వింటాను," అన్నాడు.

అలా వీధరుగు మీద నేనూ, గోడ అవతల మంచం మీద ఆయనా. బడికి వెళ్ళే ముందు ఓ గంట. రాయి తడిపి కత్తి పడుకోబెట్టి నూరాలి, తరవాత కిటికీ ఊచకి తగిలించిన తోలుపట్టీ మీద లాగాలి. ఆయన చెప్పింది ఒక్క ముక్క: "రాయి మీద అంచు ముందుకి, తోలు మీద వెన్ను ముందుకి." వెన్నంటే కత్తికి పదును లేని మొద్దు వైపు. వినడానికి ఎంత సులువు. మొదటి రోజే రాయి మీద అలవాటైన చెయ్యి తోలు మీద కూడా అంచుని ముందుకి తోసింది. తాత నాటి తోలు మీద జానెడు పొడుగున చర్మం లేచిపోయింది.

"కోసేవా?" అన్నాడు లోపల్నుంచి.

"కొంచెం."

"కొంచెం కోసిన చప్పుడు కాదది."

తోలు ఎండిపోయి బిరుసెక్కింది కాబట్టే తెగిందని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. మన కోనసీమలో దేనికైనా ఒకటే మందు కదా, జుట్టుకీ, తలుపు బందుకీ, కాలిన చేతికీ. దోసెడు కొబ్బరినూనె పోసి తోలుకి బాగా పట్టించాను. మర్నాటికి అది తడిసిన తుండుగుడ్డలా వేలాడింది. కత్తి పెడితే లోపలికి కుంగిపోతోంది, ఉన్న పదును కూడా చచ్చిపోయింది.

"ఏంట్రా కొబ్బరినూనె వాసన? తోలుకి తలంటేవా?"

నేను తోలుని గుడ్డతో ఒత్తడం మొదలుపెట్టాను.

"సీకాయ కూడా రుద్దు మరి. పండక్కి పంపుదాం."

అమ్మ వంటింట్లో నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నలభై ఏడేళ్ళొచ్చి, వందలమందికి పాఠాలు చెప్పి, ఓ తోలుముక్క దగ్గర ఈ మాటలు పడ్డం ఏమిటి అనిపించింది. పిండి అద్ది, ఎండబెట్టి, మళ్ళీ పిండి అద్ది, ఆ నూనె లాగడానికే వారం పట్టింది. ఆ తరవాత మెల్లగా చెయ్యి కుదిరింది. "పిడి దగ్గర ఎత్తేస్తున్నావు," అనేవాడు. "తిప్పేటప్పుడు వెన్ను మీద తిప్పు." చూడకుండా ఎలా చెప్పేవాడో ఇప్పటికీ నాకు తెలియదు. మూడోవారానికి ఆయన మాట్లాడ్డం మానేశాడు. చప్పుడు సరిగ్గా ఉందన్నమాట.

పదును చూసుకోవడానికి ముంజేతి వెంట్రుకలు గీసుకునేవాణ్ణి. ఎడం చెయ్యి మచ్చలు మచ్చలుగా బోసిపోయింది. స్టాఫ్ రూములో సోషల్ మాస్టారు చూసి, "ఏంటండీ మాస్టారూ ఆ చెయ్యి, దద్దుర్లా?" అని అడిగాడు. "ఆయ్, దద్దుర్లేనండి," అన్నాను. తడుముకోకుండా వచ్చేసింది ఆ అబద్ధం. ఆ రోజంతా బ్లాక్‌బోర్డు మీద ఏం రాశానో నాకే తెలియదు. ఛీ అనుకున్నాను, ఈ వయసులోనూ.

ఓ ఆదివారం పొద్దున్న అమ్మ పాలకేంద్రానికి వెళ్ళింది. నాన్నని పట్టుకుని అరుగు మీద కుర్చీలో కూచోబెట్టాను. వేణ్ణీళ్ళతో గడ్డం నానబెట్టి సబ్బు పట్టించాను. కత్తి విప్పాను. ఆయన దాని వైపు చాలాసేపు చూశాడు. తరవాత నా మొహం వైపు చూశాడు. పదును అంచనా కడుతున్నాడేమో అనుకున్నాను.

"కానీ," అని కళ్ళు మూసుకున్నాడు.

గీశాను. చెంప లాగి పట్టుకోవడం ఆయనే ఎడం చేత్తో చేశాడు. గొంతు దగ్గర నా చెయ్యి ఆగితే, "ఆగకు, ఆగితేనే తెగుతుంది," అన్నాడు. ఎక్కడా నెత్తురు రాలేదు. అయ్యాక మొహం తుడిచాను. ఎడం చేత్తో చెంపలూ గడ్డం కిందా తడుముకున్నాడు.

"బాగుంది," అన్నాడు.

ఎన్నేళ్ళ బరువో దిగిపోయినట్టయింది నాకు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఏడుపొచ్చింది. అప్పుడే అమ్మ పాలగిన్నెతో మెట్లెక్కింది. నాన్న మొహం చూసి నవ్వబోయి, నా చేతిలో కత్తి చూసి ఆగిపోయింది.

"దీంతోనా గీసేవు?"

"ఏం?"

"అది కర్మల కత్తిరా. తండ్రి పోయినోళ్ళకి పదోరోజున రేవులో గుండు గీసేది. ఇంట్లోవాళ్ళ గడ్డం మీద దాన్ని పెట్టరు. తెల్లపిడిది కదా నాన్నది. ఆమాత్రం తెలీదా నీకు?"

తెలీదు. ఈ వీధిలో పరాయివాళ్ళకి కూడా తెలిసే ఉంటుంది. నాకు తెలీదు. నాన్న వైపు తిరిగాను.

"నువ్వు చూసేవు కదా."

"చూసేను."

"మరి చెప్పలేదేం?"

"ఏది దేనికో చిన్నప్పుడే చెబుదామనుకున్నాను. పొది విప్పితే నువ్వు పక్కగదిలోకి పోయేవోడివి. ఇవాళ నీ అంతట నువ్వే పట్టుకొచ్చేవు. ఆపబుద్ధి కాలేదు."

"రేపు ఆ తెల్లపిడిది నూరతాను నాన్నా. మళ్ళీ గీస్తాను."

"అది అరిగిపోయింది, వదిలెయ్యి," అన్నాడు. "దీన్నే పదునుగా ఉంచు. రేపు నా పదోరోజుకి నీ తల మీద ఆ సెలూను బ్లేడు పెట్టనివ్వకు. దీంతోనే గీయించుకో."

అమ్మ పాలగిన్నె అరుగు మీద పెట్టేసి లోపలికి వెళ్ళిపోయింది. నేను కత్తి తుడిచాను. అలాగే అన్నాను.