జయప్రియ కోసిన కట్టు

పాపారపట్టిలో ఎరువుల అంగడికీ టైలరు అంగడికీ నడుమ జయప్రియ ఫిజియోథెరపీ క్లినిక్ తెరిచినప్పుడు ఊళ్ళో ఎవరూ సంతోషించలేదు. ఆమె మారండహళ్ళి పక్కన గొర్రెలు మేపుకునే చిక్కణ్ణ కూతురు. సేలంలో నాలుగున్నరేళ్ళు చదివి వచ్చింది. "కాళ్ళు పిసికేదానికి కాలేజీ ఏమిటికి?" అని టీ అంగడి దగ్గర ఆమెకు వినపడేటట్టే అనేవాళ్ళు. మగవాళ్ళ నడుములు పట్టి చూస్తుందని ఆడవాళ్ళు మొహం తిప్పుకునేవాళ్ళు. అయినా నొప్పి ఎన్నాళ్ళని ఆగుతుంది? మోకాళ్ళు పట్టేసిన ముసలమ్మలు, పక్షవాతంతో చెయ్యి పడిపోయినవాళ్ళు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు.

క్లినిక్ పెట్టిన గది తిమ్మప్పది. బావి కింద చెరకూ టమాటా పండించే పెద్ద రైతు. ఆయన భుజం బిగుసుకుపోయి చొక్కా తొడుక్కోలేకపోతే జయప్రియే రెండు నెలలు కష్టపడి బాగుచేసింది. "గొర్లోళ్ళ పిల్లకి చేతిలో బలం ఉంది" అన్నాడాయన. అంతకు మించి మంచి మాట ఆయన నోట ఆమె వినలేదు.

పోయిన ఏడాది ఆడి నెలలో తిమ్మప్ప మనవరాలు, మూడో తరగతి చదివే మోనిష, ఆగి ఉన్న టెంపో మీంచి దూకి పడింది. మోచేతి పైన ఎముక విరిగింది. ఎముకలు కట్టే పళని దగ్గరికి తీసుకుపోయారు. ఆ ఇంట్లో ఎవరికి ఏది విరిగినా పళని ఇంటివాళ్ళే కట్టేది. అతను వెదురు బద్దలు పెట్టి, గుడ్డు సొనలో తడిపిన గుడ్డ చుట్టి, గట్టిగా బిగించాడు.

మర్నాడు మధ్యాహ్నం తిమ్మప్ప భార్య నంజమ్మ పిల్లను చంకనేసుకుని క్లినిక్ మెట్లెక్కింది.

"రోంత సడలించమ్మా. ఒకటే ఏడుస్తా ఉంది. నొప్పుంటేనే కట్టు పట్టినట్టు అంటాడు పళని."

పిల్ల వేళ్ళు ఉబ్బి బూడిద రంగుకు తిరిగాయి. ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి. జయప్రియ గోరు నొక్కి వదిలితే రక్తం తిరిగి రాలేదు. ఒక వేలిని మెల్లగా చాపగానే పిల్ల పెట్టిన కేకకు పక్క అంగడి టైలరు తిమ్మరాయన్ మెట్ల దాకా వచ్చి నిలబడ్డాడు.

"అవ్వా, ఇది సడలించేది కాదు. పూరా కోసెయ్యాల. ఇప్పుడే ఆస్పత్రికి పోవాల."

"ఆయన్ని అడగకుండానా?"

"నువ్వు అడిగొచ్చేలోపల చెయ్యి పోతుంది."

నంజమ్మ వీధి ఆ కొసా ఈ కొసా చూసింది. "సరి, కొయ్యి. కోసెయ్యి" అంది. జయప్రియ కట్టు కోసి, బద్దలు తీసేసి, ఆటో పిలిచి తానే ధర్మపురి ఆస్పత్రి దాకా వెంట పోయింది.

ఆ సాయంత్రమే డాక్టర్లు ఆపరేషన్ చేశారు. చెయ్యి తీసేయాల్సిన గండం తప్పింది. కానీ లోపల కండ కొంత అప్పటికే చచ్చిపోయింది. నెల తిరిగేసరికి పిల్ల వేళ్ళు అరచేతిలోకి ముడుచుకుపోయాయి.

"నేను కట్టినప్పుడు వేళ్ళు బాగానే ఉన్నాయి. కోసింది ఎవరో మీకే తెలుసు" అన్నాడు పళని. ఆ మాట ఊరంతా పాకింది.

ఒక ఆదివారం పొద్దున క్లినిక్ ముందర ఇరవైమంది చేరారు. నడుమ కుర్చీలో తిమ్మప్ప. చిక్కణ్ణను కూడా కబురు పెట్టి పిలిపించారు. పిల్ల తండ్రి మురళి ముందుకొచ్చాడు.

"మా పాప చెయ్యి ఇట్లయిపోయింది. జవాబు చెప్పు."

"నేను కోయకపోతే చెయ్యే ఉండేది కాదన్నా. అవ్వ కొయ్యమంటేనే కోసినాను. అడగండి."

తిమ్మప్ప భార్య వైపు తిరిగాడు. "నువ్వు చెప్తివా?"

నంజమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "సడలించమన్నాను. కొయ్యమనలా."

జయప్రియ టైలరు తిమ్మరాయన్ వైపు చూసింది. "మిషను సద్దులో నాకేమీ వినపళ్ళేదు" అన్నాడతను.

"తప్పయిపోయిందని ఊరి ముందర మన్నిప్పు అడుగు. అడిగి గది ఖాళీ చెయ్యి" అన్నాడు తిమ్మప్ప.

"ఖాళీ చేస్తాను. మన్నిప్పు అడగను. నేను తప్పు చెయ్యలేదు."

"గొర్లోళ్ళకి ఎంత పొగరు!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. గుంపు ఒక అడుగు ముందుకు జరిగింది. చిక్కణ్ణ భుజం మీది తువ్వాలు తీసి నడుముకు చుట్టుకుని, తిమ్మప్ప కాళ్ళ ముందర బోర్లా పడుకున్నాడు. "పిల్లకి తెలీదు సామీ. మన్నిప్పు నేను అడుగుతాను." జయప్రియ భుజాలు పట్టి లాగినా లేవలేదు. లెమ్మని తిమ్మప్ప చాలాసేపు అనలేదు.

పదకొండు రోజులు ఆమె తండ్రితో మాట్లాడలేదు. చివరికి ఆయనే అన్నాడు, "నిన్ను కొడతారని భయమాయె."

"కొట్టనియ్యాల్సింది నాయనా."

ఎవరో పేడ కొట్టిపోయిన క్లినిక్ బోర్డును జయప్రియ కడిగి, సంత మైదానం పక్కన రేకుల గది ఒకటి చూసుకుని దాన్ని అక్కడ తగిలించింది. ఊరు విడిచి పోలేదు. ఊరివాళ్ళు రాలేదు. పశువుల సంతకు వచ్చేవాళ్ళు వచ్చారు.

ఇంకో రెండు నెలలకు మురళి మోనిషను తీసుకుని ఆ గది ముందు నిలబడ్డాడు. దినమూ వ్యాయామం చేయించకపోతే చెయ్యి పనికిరాదని, ఇంటికి దగ్గర్లో జయప్రియ ఉంది కదా, అక్కడికే పొమ్మని ఆస్పత్రిలో చెప్పారట.

"పని చెయ్యి. మాటలొద్దు" అన్నాడు.

తలుపు వేసేయాలనిపించింది ఆమెకు. పిల్ల చేతి వైపు చూసింది. "ఒక్క దినం కూడా తప్పకూడదు. పిల్లని అవ్వే పిలుచుకోని రావాల" అంది.

నంజమ్మ వచ్చేది, కానీ ఆటో దిగేది కాదు. లోపల జయప్రియ వేడి మైనంలో పిల్ల చెయ్యి ముంచి, ఒక్కొక్క వేలే చాపి, పట్టీ వేసేది. ఒకసారి నొప్పికి మోనిష ఆమె మణికట్టు కొరికింది. జయప్రియ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆ చిన్న చెయ్యి పట్టుకున్నప్పుడల్లా నేల మీద తండ్రి వీపు కళ్ళలో మెదిలేది. పళ్ళు బిగించి పని చేసేది. అయిదు నెలలకు మోనిష పెన్ను పట్టుకుంది, గ్లాసు ఎత్తింది. చివరి రెండు వేళ్ళు మాత్రం పూర్తిగా చాపడానికి రాలేదు.

"ఆ పిల్ల కోయకుండా ఉంటే పళని కట్టుతోనే ఎప్పుడో బాగయ్యేది" అని తిమ్మప్ప టీ అంగడిలో అంటూనే ఉన్నాడు.

ఆఖరి రోజు జయప్రియ ఆటో దగ్గరికి పోయింది.

"అవ్వా, ఆ పొద్దు అబద్ధం చెప్తివి."

"చెప్తిని. నేనే కొయ్యమన్నానంటే ఆయన నన్ను ఇంట్లో ఉండనిస్తాడా?"

"మా నాయన మట్టిలో పడుకోనుంటే చూస్తా ఉంటివి."

నంజమ్మ పిల్లను పక్కకు లాక్కుని, బండి తియ్యమని ఆటో అతనికి చెప్పింది.

పళని దగ్గరికి ఇప్పటికీ జనం పోతున్నారు. సంతలో నంజమ్మ ఎదురుపడితే జయప్రియ తల తిప్పుకోదు. నంజమ్మే దారి మార్చుకుని పోతుంది.